కొండలెక్కే గుండె

నల్లగొండ జిల్లా నుంచి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం వారం రోజులుగా నా బల్లమీద వున్నది. ఆమె కూతురికి పదహారేళ్ళు. బడి పరుగుపందాలలో రెండేళ్ళుగా మొదటి బహుమతి మరెవరికీ దక్కనివ్వడం లేదట. ఇప్పుడు భువనగిరి వెళ్ళి రాళ్ళెక్కడం నేర్చుకుంటాను, ఆ మీదట హిమాలయాలకు పోతాను అని పట్టుపట్టింది. సరే, ముందుగా ఒంట్లో ఎలా వున్నదో చూపిద్దామని తల్లి డాక్టరు వద్దకు తీసుకుపోతే, ఆయన నాడి పట్టుకుని, గడియారం చూసి, మళ్ళీ నాడి పట్టుకుని, "నిమిషానికి 48 మాత్రమే కొట్టుకుంటున్నదే!" అన్నారట. అంతే. ఆ రోజునుంచీ ఆ ఇంట్లో పరుగు బందు. "మా బిడ్డ గుండె బలహీనమా? మా అత్తగారు డెబ్భై ఏళ్ళకు గుండెపోటుతోనే పోయారు. ఊపిరితిత్తులు పెద్దవైతేనే కొండలెక్కగలరంటారు, అది నిజమేనా? పంపమంటారా, వద్దంటారా?" అని అడిగారామె.

అమ్మా, ముందు ఆ 48 సంగతి తేల్చి, తర్వాత మిగతా మాటలు మాట్లాడుకుందాం.

మనబోటి వాళ్ళ గుండె ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 70 సార్లో, 72 సార్లో కొట్టుకుంటుంది. ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం చిమ్ముతుంది. వెరసి నిమిషానికి అయిదు లీటర్లు. కూర్చున్న మనిషికి ఆ అయిదు లీటర్లు చాలు. ఏళ్ళ తరబడి పరుగెత్తిన వారి గుండె గదులు విశాలమవుతాయి. గోడలు కొంచెం మందమవుతాయి. ఒక్కో దెబ్బకు వంద మిల్లీలీటర్లు, ఆ పైన కూడా పంపగలుగుతుంది. అప్పుడు అదే అయిదు లీటర్లకు 48 దెబ్బలు సరిపోతాయి. పెద్ద బిందెతో నీళ్ళు మోసే మనిషికి బావి దగ్గరికి తక్కువసార్లు నడక పడుతుంది, అంతే సంగతి! రోజుకు లెక్కవేస్తే మీ అమ్మాయి గుండె మన గుండెకన్నా ముప్పై నాలుగు వేల పైచిలుకు దెబ్బలు తక్కువ కొడుతున్నది. అది జబ్బు కాదు, తర్ఫీదు.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టినదీ కాదు. 1899లోనే స్వీడను దేశపు వైద్యుడు హెన్‌షెన్, మంచుమీద జారుతూ పందేలు పోయే వీరుల ఛాతీమీద వేళ్ళతో తట్టి, ఆ చప్పుడునుబట్టి వారి గుండెలు పెద్దవిగా వున్నాయని చెప్పాడు. అప్పటికి ఎక్స్‌రే వచ్చి నాలుగేళ్ళే అయింది. అది లేకుండానే, ఉత్త వేళ్ళతో ఆ మాట చెప్పగలిగాడు. పందేలలో గెలిచినవారివే అన్నిటికన్నా పెద్ద గుండెలని కూడా గమనించాడు. మామూలు యువకుడు ప్రాణం పెట్టి పరుగెత్తితే అతని గుండె నిమిషానికి ఇరవై లీటర్ల రక్తం తోడుతుంది. ప్రపంచ స్థాయి వీరుల గుండె 35 లీటర్లు, ఒక్కొక్కప్పుడు 40 దాకా తోడుతుంది.

అయితే 48 అని వినగానే ఊరుకోవచ్చునా? ఊరుకోకూడదు. పరుగెత్తే పిల్లకు 48, పరుగెత్తిన తర్వాత అది గబగబా 180కి పోయి, ఆగగానే తగ్గుముఖం పడితే భయం లేదు. కళ్ళు తిరిగినా, పరుగు మధ్యలో స్పృహ తప్పినా, గుండెలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా యాభై ఏళ్ళలోపు హఠాత్తుగా పోయివున్నా అప్పుడు ఆలోచించాలి. డెబ్భై ఏళ్ళకు పోయిన అత్తగారి సంగతి ఇక్కడ లెక్కలోకి రాదు. ఎందుకంటే, పుట్టుకతోనే గుండె గోడ మందంగా పెరిగే వంశపారంపర్యపు జబ్బు ఒకటున్నది. పైకి చూస్తే అదీ తర్ఫీదైన గుండెలాగే కనపడుతుంది. తేడా ఏమంటే, వీరుల గుండెలో గోడతోపాటు గదీ పెరుగుతుంది. జబ్బు గుండెలో గోడ మాత్రమే పెరిగి గది ఇరుకవుతుంది. ఎకో పరీక్షలో ఇది తెలిసిపోతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే మూడు నెలలు పరుగు మాన్పించి చూస్తారు. తర్ఫీదువల్ల పెరిగిన మందమైతే తగ్గుతుంది, జబ్బువల్ల వచ్చినదైతే తగ్గదు.

ఇక ఊపిరితిత్తుల మాట. మనవాళ్ళు ఆ అవయవానికి పేరు పెట్టినప్పుడు కమ్మరి కొలిమి దగ్గర తిత్తిని చూసే పెట్టివుంటారని నా నమ్మకం. ఉబ్బుతుంది, అణగుతుంది, నిప్పును రాజేస్తుంది. ఇంతకన్నా చక్కని పేరు ఏ భాషలో వున్నదో నాకు తెలియదు. కాని ఒక వింత చెబుతాను. సాధనవల్ల గుండె పెరుగుతుంది, కండ పెరుగుతుంది, రక్తం పెరుగుతుంది. ఊపిరితిత్తి మాత్రం దాదాపు పెరగదు! శ్వాస లాగే కండరాలు గట్టిపడతాయి, అలసట ఆలస్యంగా వస్తుంది. తిత్తి పరిమాణం మాత్రం మన ఎత్తునుబట్టీ, వయస్సునుబట్టీ, పుట్టుకనుబట్టీ ఎంతో అంతే. కనుక "ఊపిరితిత్తులు పెద్దవైతేనే కొండలెక్కగలరు" అన్న మాట నిజం కాదు.

పెరగవలసిన అవసరమూ లేదు. మామూలు మనిషికి ఊపిరితిత్తులు అవసరానికి మించే వున్నాయి. అందులో ముప్పై కోట్లకు పైగా వాయుకోశాలు. పరిచి చూస్తే చిన్న ఇంటి స్థలం అంత వైశాల్యం. మనం పరుగెత్తి ఆయాసపడి ఆగిపోయినప్పుడు ఆగిపోయేది తిత్తి కాదు. గుండె ఇక పంపలేనంటుంది, కాళ్ళు ఇక కదలమంటాయి. మహావీరుల విషయంలో ఇది తారుమారవుతుంది. వారి గుండె ఎంత ఉరవడిగా రక్తాన్ని తోస్తుందంటే, ఆ రక్తం ఊపిరితిత్తుల సన్నని నాళాలలో నిలిచి నిండుగా ప్రాణవాయువు పుచ్చుకునేందుకు వ్యవధి చాలదు. అందుచేత వారిలో కొందరికి సముద్రమట్టంలోనే, పరుగు చివరి ఘట్టంలో, రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. గుండె పెరిగి తిత్తిని దాటిపోయిందన్నమాట.

మధ్యలో ఒక మాట. నల్లగొండ పేరు ప్రపంచ వైద్యగ్రంథాలలోకి ఎక్కింది కొండలెక్కినవారివల్ల కాదు. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దీఖీ అనే డాక్టరు ఈ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి వ్రాశాడు. నీటిలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరి వెన్ను కొయ్యబారుతుంది, పక్కటెముకల కీళ్ళు బిగుసుకుంటాయి. ఛాతీ పైకి లేవదు. మనిషి కడుపుతో ఊపిరి పీలుస్తాడు. లోపలి తిత్తి చక్కగానే వుంటుంది, దాని చుట్టూ వున్న పంజరం కదలదు. కృష్ణనీళ్ళు గ్రామాలకు చేరాక పరిస్థితి చాలా మారింది. అయినా ఇప్పటికీ పెద్దవారిలో అలాంటి ఛాతీలు కనిపిస్తాయి. అదే నేలమీది పిల్లలు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చోట ఊపిరి పీల్చి వచ్చారంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ కథ భువనగిరిలో మొదలయింది. సికింద్రాబాదు నుంచి కాజీపేట పోయే రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవారందరూ ఆ కొండను చూసేవుంటారు. ఒకే రాయి, నేలమీద బోర్లించిన గుండిగలాగా వుంటుంది. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన కోట అది. 2016 దాకా నల్లగొండ జిల్లాలోనే వుండేది. అక్కడ రాళ్ళెక్కే శిక్షణ ఇచ్చిన శేఖర్‌బాబు బాచినేపల్లి, సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ - ఈయన పాలమూరు జిల్లా అలంపురం మనిషి - ఇద్దరూ కలిసి గురుకులాల పిల్లలలోనుంచి కొందరిని ఎన్నిక చేశారు. భువనగిరి రాయి, తర్వాత డార్జిలింగు, ఆ తర్వాత చలికాలంలో లడాఖ్. 2014 మే 25న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ఎనిమిది రోజుల ముందు, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరంమీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. 2022 నాటికి ఆమె ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలనూ ఎక్కడం పూర్తిచేసింది. అదే 2022 మే నెలలో భువనగిరి పిల్ల పడమటి అన్వితారెడ్డి, తాను నేర్చుకున్న రాతిదగ్గరే ఇతరులకు నేర్పుతూ వుండిన మనిషి, ఎవరెస్టు ఎక్కింది.

ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు పొరపడతారు. భువనగిరి రాయి ఎక్కగలిగితే హిమాలయం ఎక్కవచ్చునని అనుకుంటారు. ఆ రాయిమీద నేర్చుకునేది వేళ్ళ పట్టు, కాలి నిలకడ, కిందికి చూసినా వణకని ధైర్యం. గుండెకూ పని వుంటుంది: చేతులు బిగించి వేలాడుతున్నప్పుడు, శరీరం వాడుకునే ప్రాణవాయువు మోతాదును మించి గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటూ పెరుగుతుంది. కాని గాలి మాత్రం మన ఇంట్లో వున్న గాలే. మే నెలలో ఆ రాయి పెనంలా కాలుతుందేగాని ఊపిరి అందకుండా చేయదు.

ఎవరెస్టు 8,849 మీటర్లు, అంటే ఇరవై తొమ్మిది వేల అడుగులు. అక్కడి గాలిలోనూ ప్రాణవాయువు పాలు నూటికి ఇరవై ఒకటే, గాలే పలచన. సముద్రతీరాన 760 మిల్లీమీటర్లుండే వాయుపీడనం, 1981లో ఒక అమెరికను వైద్యుడు శిఖరంమీద నిలబడి కొలిస్తే 253 వచ్చింది. అంటే మూడు శ్వాసలు పీలిస్తే మన ఒక శ్వాసతో సమానం. 2007లో బ్రిటిష్ వైద్యులు 8,400 మీటర్ల ఎత్తున, ప్రాణవాయువు ముసుగు తీసివేసి, తమ తొడలోని ధమనినుంచి రక్తం తీయించుకున్నారు. నలుగురి సగటు చూస్తే రక్తంలో ప్రాణవాయువు నూటికి 54. కరోనా రోజుల్లో ఇంటింటా వేలికి ఆక్సీమీటరు తగిలించుకుని, 94 దిగితే గుండెలు బాదుకున్నాం కదా! మన ఊళ్ళో ఎవరికైనా 54 వస్తే ఆసుపత్రిలో పరుగులు పెడతారు. ఆ నలుగురూ మాత్రం తెలివిలో వున్నారు, మాట్లాడుతున్నారు, నడిచి దిగి వచ్చారు.

ఎలా? వారి గుండెలూ తిత్తులూ బ్రహ్మ ప్రత్యేకంగా చేసినవా? కావు. 1978లో ప్రాణవాయువు సీసా లేకుండా ఎవరెస్టు ఎక్కిన ఇద్దరిలో ఒకడైన మెస్నర్‌ను, మరికొందరు మహాపర్వతారోహకులను స్విట్జర్లాండు వైద్యులు పరీక్షించి 1986లో ఫలితాలు ప్రకటించారు. శరీరం నిమిషానికి, కిలో బరువుకు, ఎన్ని మిల్లీలీటర్ల ప్రాణవాయువు వాడుకోగలదో కొలిచారు. ఒలింపిక్ దూరపు పరుగువీరులలో మేటివారికి ఇది 80 దాకా వుంటుంది. మెస్నర్‌కు 49! మన వూళ్ళో రోజూ పరుగెత్తే కుర్రవాడికీ అంత వుండవచ్చును. కొండలెక్కడంలో గొప్పతనం అంతా బలంలోనే వున్నదని అనుకునేవారికి ఈ అంకె మింగుడుపడదు.

దారి మరొకటున్నది. దాని పేరు వ్యవధి. ఎత్తుకు పోగానే మెడలోని ధమని పక్కన వున్న చిన్న గ్రంథి రక్తంలో ప్రాణవాయువు తగ్గిందని పసికట్టి, శ్వాసను త్వరపెడుతుంది. త్వరగా పీలిస్తే బొగ్గుపులుసుగాలి ఎక్కువగా బయటికి పోయి రక్తానికి క్షారగుణం వస్తుంది. మెదడు "ఇంత త్వరగా వద్దు" అని శ్వాసను నిలవేస్తుంది. అందుకే మొదటి రాత్రులు నిద్రలో ఊపిరి ఆగుతూ, మళ్ళీ ఒక్కసారిగా లాగుతూ వుంటుంది. పక్క గుడారంలోవాడికి అది వింటే భయం. మూత్రపిండాలు నాలుగైదు రోజుల్లో ఆ క్షారాన్ని సవరిస్తాయి. ఎముకల మూలుగలో కొత్త ఎర్రకణాలు తయారై సంఖ్య పెరగడానికి వారాలు పడుతుంది. ఈ పనులలో ఏదీ పతకాలు చూసి తొందరపడదు. పూర్ణ బృందానికి ఆ యాత్రలో యాభై రోజులకు పైగా పట్టింది అందుకే.

గుండె ఈ వ్యవహారంలో నమ్మకమైన నౌకరు. 1985లో అమెరికాలో కొందరు యువకులను గాలి పలచన చేసే గదిలో నలభై రోజులుంచి మెల్లగా "ఎవరెస్టు శిఖరం" దాకా ఎక్కించారు. అంత దూరం పోయినా గుండె సంకోచబలం చెక్కుచెదరలేదు. మొరాయించింది ఊపిరితిత్తులలోని రక్తనాళాలు. అక్కడి ఒత్తిడి బాగా పెరిగింది. ప్రాణవాయువు తగ్గినచోట ఆ నాళాలు ముడుచుకోవడం వాటి స్వభావం. కొందరిలో అవి ఒకచోట ముడుచుకుని మరొకచోట తెరుచుకుంటాయి. తెరుచుకున్నచోటికి ఒత్తిడంతా పోయి, సన్నని గోడలు చెమ్మగిల్లి, వాయుకోశాలలోకి నీరు దిగుతుంది. మంచుకొండమీద, నీటిచుక్క లేనిచోట, మనిషి తన ఊపిరితిత్తులలో తానే మునిగిపోతాడు.

ఈ జబ్బు గురించి ప్రపంచానికి ఎక్కువగా నేర్పింది మన సైనికులు, పాపం, తమ ఒళ్ళు ఫణంగా పెట్టి. 1962 యుద్ధకాలంలో మైదానాల్లోని జవాన్లను విమానాల్లో ఎక్కించి పదకొండు, పన్నెండువేల అడుగుల ఎత్తున దించారు. లేహ్ సైనిక ఆసుపత్రిలో పనిచేసిన మేనన్ అనే వైద్యుడు ఇలా ఊపిరితిత్తులలో నీరు చేరిన 101 మందిని చూసి 1965లో వ్రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ వైద్యులు స్మరిస్తారు. వారు ముసలివారా, రోగిష్టివారా? ఏరికోరి సైన్యంలో చేర్చుకున్న దృఢకాయులు! ఒంటి బలం ఈ జబ్బుకు అడ్డురాదు. పైగా బలమున్నవాడే తొందరగా ఎక్కుతాడు, బరువెక్కువ మోస్తాడు, తలనొప్పిని లెక్కచేయడు. వీరులకు వీరత్వమే శత్రువైన చోటు ఇది.

నల్లగొండ తల్లికి అసలు చెప్పదలచింది ఇదే. మీ అమ్మాయి గుండె 48 కొట్టుకోవడం గురించి నాకు బెంగ లేదు. ఆమె పట్టుదల గురించి కొంచెం వున్నది. చిన్న వూరినుంచి, ఎంతో కష్టంమీద ఎంపికై, పదిమంది చందాలు వేసి పంపిన పిల్ల రెండోనాటి రాత్రి దగ్గు మొదలైతే చెబుతుందా? చెబితే వెనక్కి పంపేస్తారు. వూళ్ళో తల ఎత్తుకోవడం ఎలా? నోరు నొక్కుకుని పడుకుంటుంది. పొడి దగ్గు, నిన్నటిదాకా అవలీలగా నడిచిన దారిలో ఇవాళ ఆయాసం, కూర్చున్నా తీరని ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, చివరకు గులాబిరంగు నురుగు. మొదటి దగ్గుకూ చివరి నురుగుకూ మధ్య ఒక్క రాత్రే వుండవచ్చును. కనుక ఆమెను పంపేటప్పుడు "గెలిచి రా" అని మాత్రమే అనకండి. "ఒంట్లో బాగుండకపోతే దిగి వచ్చేయి, నిన్నెవరూ ఒక్క మాట అనరు" అని కూడా అనండి. వీలైతే ఆమె తండ్రిచేత, అందరి ఎదుట అనిపించండి.

పంపేముందు చేయించవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. స్టెతస్కోపు పెట్టి శ్రద్ధగా వినే డాక్టరు ఒకరు కావాలి. మన ప్రాంతంలో చిన్నప్పటి గొంతునొప్పులు ముదిరి, కీళ్ళవాతపు జ్వరం వచ్చి, గుండె కవాటాలు పాడైన పిల్లలు ఇంకా వున్నారు. ఆ కవాటం ఇరుకైనవారికి కొండలు తగవు. రక్తహీనత చూడాలి, మన ఆడపిల్లల్లో అది మెండు, ఇనుము చాలకపోతే కొత్త ఎర్రకణాలు ఎలా వస్తాయి? ఇ.సి.జి. తీయించాలి. ఇటలీలో 1982 నుంచి పోటీ క్రీడాకారులందరికీ ఇది తప్పనిసరి చేశారు. అక్కడి వెనెటో ప్రాంతంలో యువక్రీడాకారుల హఠాన్మరణాలు పదింట తొమ్మిది వంతులు తగ్గాయని 2006లో ప్రకటించారు. అన్ని దేశాలవారూ ఆ లెక్కను ఒప్పుకోలేదు, నిజమే. అయినా ఒక కాగితంముక్కకు పోయేది ఏమున్నది? ఆస్తమా వుంటే దాచవద్దు. అదుపులో వుంటే అది కొండకు అడ్డంకి కాకపోవచ్చును.

ఇదంతా వీరులకే గదా, మనకెందుకని పేజీ తిప్పబోయే పెద్దలకు ఒక్క మాట. మీలో చాలామంది కేదారనాథ్, అమర్‌నాథ్ పోతున్నారు. అవి పదకొండు వేల ఏడువందల అడుగులు, పన్నెండు వేల ఏడువందల అడుగులు. హైదరాబాదులో తెల్లవారుజామున విమానమెక్కి మధ్యాహ్నానికి లేహ్‌లో దిగేవారూ వున్నారు. ఆ జవాన్లకు జరిగింది సరిగ్గా అదే. దిగిన తర్వాత రెండు రోజులు ఏమీ చేయకుండా పడుకోండి, ఫొటోలు తర్వాత తీసుకోవచ్చును. పదివేల అడుగులు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ పడకను పదహారువందల అడుగులకన్నా ఎక్కువ పైకి మార్చకండి. మూడు నాలుగు రోజులకొకసారి కదలకుండా వుండిపొండి. మీ జట్టులో ఎవరైనా పడుకోలేక, కూర్చునే ఊపిరి తీస్తూ వుంటే తెల్లవారనిద్దామని ఆగవద్దు. ప్రాణవాయువు దొరికితే పెట్టండి, దొరకకపోయినా ఆ రాత్రికి రాత్రే దింపండి. నడిపించకుండా మోసుకుని దింపండి. మూడువేల అడుగులు దిగేసరికి చాలామంది తేరుకుంటారు.